కూర్చుని తిన్నారా, కూర్చోబెట్టారా?

ప్రశ్న: నాది జగిత్యాల జిల్లా. హైస్కూల్ టీచర్‌గా పనిచేసి మూడేళ్ల క్రితం రిటైరయ్యాను. మావారు 1979 నుంచి 1990 దాకా కువైట్‌లో ఎలక్ట్రీషియన్. అక్కడ ఆయన సైట్ ఇంజనీరు గాజా నుంచి వచ్చిన పాలస్తీనా మనిషి. పని నేర్పింది ఆయనే. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు, జోర్డాన్ దాకా చేరుకోవడానికి మావారి చేతిలో దారి ఖర్చులు పెట్టింది కూడా ఆయనే. తర్వాత ఆ మనిషి జాడ తెలియలేదు. మావారు పోయి ఆరేళ్లు. ఏటా తద్దినం నాడు గాజా పిల్లల కోసం పదివేలు పంపుతున్నాను. ఈసారి మా మరిది అడ్డుపడ్డాడు. "వదినా, డెబ్బై అయిదేళ్లుగా లోకమంతా వాళ్లకు పెడుతూనే ఉంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. నువ్వు పంపే డబ్బు వాళ్లను ఇంకా సోమరులను చేస్తుంది. పైగా అది ఎవరి చేతిలో పడుతుందో ఏమో" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు, ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. సాయం నిజంగా వాళ్లకు చెడు చేసిందా? నేను పంపడం మానేయాలా?

సమాధానం:

టీచర్‌గారూ, పంపడం మానేయకండి. ముందు ఆ మాట చెప్పేస్తే మీకు ఈ రాత్రయినా నిద్ర పడుతుంది. అయితే మీ మరిదిగారిని తప్పుపట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఏళ్ల తరబడి అందిన సాయం మమ్మల్ని ఏం చేసిందన్న ప్రశ్న పాలస్తీనా వాళ్లు కూడా తమను తాము వేసుకుంటూనే ఉన్నారు. కాకపోతే వాళ్లకు దొరికిన జవాబు సోమరితనం కాదు.

మొదటి నుంచీ చెబుతాను. 1948 యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లూ పొలాలూ వదిలి పోవాల్సి వచ్చింది. అప్పటికి గాజా ప్రాంతంలో ఉన్నవాళ్లు 80 వేల మంది. వాళ్ల మధ్యకు దాదాపు రెండు లక్షల మంది వచ్చిపడ్డారు. మసీదుల్లో, బడుల్లో, ఇసుకలో వేసిన గుడారాల్లో తలదాచుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం చేసింది. ఇంటికి తిరిగి వెళ్లి ఇరుగుపొరుగుతో శాంతిగా బతకాలనుకునే వాళ్లను వెళ్లనివ్వాలి, వద్దనుకున్న వాళ్లకు ఆస్తికి పరిహారం ఇవ్వాలి అని దాని సారాంశం. అది అమలు కాలేదు. ఆ లోగా మనుషులు బతకాలి కదా! 1949 డిసెంబరు 8న ఐక్యరాజ్యసమితి ఈ శరణార్థుల సాయానికి ఒక తాత్కాలిక సంస్థను పెట్టింది. అది 1950 మే 1న పని మొదలుపెట్టింది. దాని పేరు యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ, వాడుకలో ఉన్‌రా. ఆ 'తాత్కాలికం' ఇప్పటికీ నడుస్తోంది, గడువును మళ్లీ మళ్లీ పొడిగిస్తూ వస్తున్నారు. ఇప్పుడు దాని పుస్తకాల్లో ఉన్న శరణార్థులు సుమారు 59 లక్షల మంది. గాజా, వెస్ట్ బ్యాంక్, జోర్డాన్, సిరియా, లెబనాన్‌లలో ఉంటారు.

మరిదిగారు లెక్కపెట్టిన డెబ్బై అయిదేళ్లు ఇవే. ఒక తగాదాను తేల్చకుండా అన్నేళ్లు వాయిదా వేస్తూ పోతే, ఆ వాయిదాల మధ్య పెట్టిన అన్నాన్ని తిన్నవాళ్ల ఖాతాలో రాస్తామా?

ఇక సోమరితనం మాట. ఒక్క లెక్క చూడండి. 2000 సంవత్సరంలో గాజాలో ఉన్‌రా తిండి సాయం తీసుకున్నవాళ్లు సుమారు 80 వేల మంది. 2023 నాటికి ఆ సంఖ్య పది లక్షలు దాటింది. ఒక తరం కూడా మారకముందే పదింతలకు పైగా పెరిగింది. అంతమంది అంత తొందరగా సోమరులైపోరు. మధ్యలో ఏమైందో చూడాలి.

2000 సెప్టెంబరు దాకా వెస్ట్ బ్యాంక్, గాజాల నుంచి లక్షకు పైగా మనుషులు ఇజ్రాయెల్‌లో కూలికి వెళ్లేవారు. తాపీపని, తోటపని, హోటల్ పని. తెల్లవారకముందే లేచి చెక్‌పోస్టుల దగ్గర వరస కట్టేవారు. రెండో ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ మీద పాలస్తీనీయుల రెండో తిరుగుబాటు మొదలయ్యాక ఆ దారి మూసుకుంటూ పోయింది. 2007లో గాజా హమాస్ చేతికి వచ్చాక ఇజ్రాయెల్ సరిహద్దును దాదాపు పూర్తిగా బిగించింది, ఈజిప్టు కూడా తన గేటు మూసింది. బయటికి సరుకు పోదు, లోపలికి ముడిసరుకు రాదు. గాజాలోని బేత్ లాహియాలో స్ట్రాబెర్రీ పండించే రైతుకు పంట ఉండేది, యూరప్‌లో కొనేవాడూ ఉండేవాడు, చాలాసార్లు లారీ వెళ్లడానికి గేటు తెరిచేవారు కాదు. జాలరికి పడవ ఉండేది, వల ఉండేది. 1990లలో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య కుదిరిన ఓస్లో ఒప్పందంలో 20 నాటికల్ మైళ్ల దాకా వేటకు వెళ్లొచ్చని రాసుకున్నారు. ఆచరణలో అది చాలాకాలం ఆరు మైళ్లు, కొన్నిసార్లు మూడే. ఒడ్డు దగ్గర చేపలెక్కడివి?

మీ జగిత్యాలలో, కరీంనగర్‌లో వెనకటికి 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అనేవాళ్లు, మీరు వినే ఉంటారు. వానలు లేవు, పొలం ఎండింది, అయినా మనిషి ముందు మూడు దారులు ఉన్నాయి. మీవారు వాటిలో ఒకటి పట్టుకునే కదా ఇల్లు నిలబెట్టారు. ఆ మూడూ మూసేసి, మూసినవాళ్ల కళ్లెదుటే రేషన్ బియ్యం ఇస్తూ, 'వీళ్లు బియ్యానికి అలవాటు పడ్డారు' అంటే మనం ఒప్పుకుంటామా? మరిదిగారు సామెత సరిగ్గానే చెప్పారు. కూర్చున్నారా, కూర్చోబెట్టారా అన్నది మాత్రం వదిలేశారు.

ఇక్కడ ఇంకో కాగితం సంగతి చెప్పాలి. 2008లో ఇజ్రాయెల్ రక్షణశాఖ అధికారులు గాజాలో ఒక మనిషికి రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో లెక్క కట్టారు. సగటున 2,279. అందుకు ఎన్ని లారీల సరుకు సరిపోతుందో కూడా లెక్కవేశారు. గిషా అనే ఇజ్రాయెలీ మానవ హక్కుల సంస్థ కోర్టుకెక్కి పోరాడితే 2012లో ఆ కాగితం బయటపడింది. అది చిత్తుప్రతి మాత్రమే, దాని ప్రకారం నడుచుకోలేదు అని ప్రభుత్వం చెప్పింది. సరే అనుకుందాం. కానీ ఒక జనం తిండిని బయటి ఆఫీసులో కూర్చుని గ్రాముల్లో లెక్కపెట్టే స్థితి వచ్చాక, ఆ జనం స్వశక్తి గురించి మనం ఏం మాట్లాడగలం?

మీరు టీచర్ కాబట్టి మీకు బడుల గురించి చెప్పాలని ఉంది. ఉన్‌రా అంటే పిండి బస్తాలే అనుకుంటాం. కానీ అది ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టేది చదువు మీద. 2023లో మొదలైన యుద్ధానికి ముందు అయిదు ప్రాంతాల్లో ఏడు వందలకు పైగా బడులు, అయిదు లక్షలకు పైగా పిల్లలు. గదులు చాలక చాలాచోట్ల రెండు షిఫ్టులు నడిపేవారు. పొద్దున ఒక బడి, మధ్యాహ్నం అదే బిల్డింగులో ఇంకో బడి. పొద్దున పిల్లలు లేచిన బెంచీ ఇంకా వెచ్చగా ఉండగానే మధ్యాహ్నం పిల్లలు వచ్చి కూర్చుంటారు. నీలం తెలుపు చారల గౌన్లలో ఆడపిల్లలు వరసగా నడిచి వెళ్లే ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఆ బడుల్లో 1960లలోనే ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా ఉన్నారు. మన జిల్లాల్లో ఆ రోజుల్లో హైస్కూల్ దాకా వచ్చే ఆడపిల్లలు ఎంతమందో మీకు నాకన్నా బాగా తెలుసు.

వెస్ట్ బ్యాంక్‌లోని కలందియాలో 1953లోనే చేతిపనులు నేర్పే కేంద్రం పెట్టారు. ఎలక్ట్రికల్, కార్పెంటరీ, మెకానిక్ పనులు నేర్చుకున్న కుర్రాళ్లు కువైట్, సౌదీ దారి పట్టారు. గల్ఫ్‌లో బడులు తెరిచినప్పుడు పాఠం చెప్పినవాళ్లలో, రోడ్లు వేసినవాళ్లలో పాలస్తీనా వాళ్లు చాలామంది. 1990 నాటికి ఒక్క కువైట్‌లోనే దాదాపు నాలుగు లక్షల మంది ఉండేవారు. మీవారికి పని నేర్పిన ఇంజనీరు ఏ బడిలో చదివాడో నాకు తెలియదు. కానీ గాజాలో చాలామంది లాగే శరణార్థి ఇంట్లో పుట్టి ఆ తరంలో ఇంజనీరు అయ్యుంటే, అతని మొదటి పలక ఆ గుడారపు బడుల్లోదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. 1991 తర్వాత కువైట్ నుంచి ఆ నాలుగు లక్షల్లో చాలామంది వెళ్లిపోవాల్సి వచ్చింది. అతని జాడ దొరకకపోవడానికి అదే కారణం కావచ్చు. మీ ఇంట్లో మీవారు నేర్చుకున్న పనికీ, ఎప్పుడో ఎవరో ఇచ్చిన ఆ సాయానికీ మధ్య ఉన్న దారి ఇది. మరిదిగారితో ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు రెండో వైపు. సాయం చెడు చేయలేదా? చేసింది. తిన్నవాళ్ల గుణం చెడగొట్టడం కాదు ఆ చెడు, అది వేరు.

మొదటి రోజుల్లో ప్రతి కుటుంబానికీ ఒక రేషన్ కార్డు ఇచ్చారు. అరబ్బీలో 'కర్త్ అల్‌ముఅన్' అనేవారు, సరుకుల కార్డు అని. పిండి, చక్కెర, నూనె, పప్పు ఇచ్చేటప్పుడు దాని మీద గుర్తు పెట్టేవారు. కొన్నేళ్లకు ఆ కార్డు తిండి కార్డుగా ఉండిపోలేదు. నేను ఫలానా ఊరివాణ్ని, అక్కడ నుంచి వెళ్లగొట్టారు అనడానికి చేతిలో మిగిలిన రుజువు అయింది. పొలం కాగితాలతో, ఇంటి తాళంచెవితో కలిపి దాన్ని డబ్బాలో దాచుకున్నారు. సరుకులు ఆగిపోయినా కార్డు పారేయలేదు. ఇందులో బాధ ఏమిటంటే, 'ఇంటికి పోయే హక్కు ఉన్నవాడు' అన్న మనిషి నెమ్మదిగా 'సరుకులకు అర్హుడు' అయిపోయాడు. ఆఫీసులో అడిగే ప్రశ్న కూడా మారిపోయింది. 'నీ ఊరు ఎప్పుడు తిరిగిస్తారు?' అని ఎవరూ అడగరు, 'మీ ఇంట్లో ఎంతమంది?' అని అడుగుతారు. ఈ మార్పు వాళ్లకు తెలియక కాదు. 1950లలో గాజా శరణార్థులను సినాయ్‌కి తరలించి స్థిరపరచాలని ఒక పథకం వచ్చింది. ఇళ్లు, నీళ్లు, భూమి ఇస్తామన్నారు. 1955 మార్చిలో గాజా వీధుల్లోకి జనం వచ్చి దాన్ని అడ్డుకున్నారు. గుడారాల్లో ఉన్నవాళ్లు ఇల్లు వద్దన్నారు. సోమరులు ఇలా చేస్తారా టీచర్‌గారూ?

రెండో చెడు ఇంకా పెద్దది, దాని గురించి మాత్రం చాలా తక్కువ మాట్లాడతాం. నాలుగో జెనీవా ఒప్పందం ప్రకారం, ఒక ప్రాంతాన్ని ఆక్రమించిన దేశానిదే అక్కడి జనానికి తిండి, మందులు అందేలా చూసే బాధ్యత. బయటివాళ్లు సాయం పంపినంత మాత్రాన ఆ బాధ్యత ఏమాత్రం తగ్గదని 60వ అధికరణంలో స్పష్టంగా రాశారు. కాగితం మీద తగ్గలేదు, చేతల్లో మాత్రం అదే జరిగింది. బడి ఖర్చు ఐక్యరాజ్యసమితిది, ఆసుపత్రి ఖర్చు యూరప్‌ది, జీతాలు దాతలవి. అడ్డుగోడలు, చెక్‌పోస్టులు మాత్రం అలాగే ఉన్నాయి. పగలగొట్టినవాడు ఒకడు, బాగుచేసే డబ్బు ఇంకొకడిది.

రఫాలో గాజా విమానాశ్రయం దీనికి నిలువెత్తు సాక్ష్యం. స్పెయిన్, జర్మనీ, జపాన్, ఈజిప్టు, సౌదీ, మొరాకో లాంటి దేశాల డబ్బుతో కట్టి 1998 నవంబరులో తెరిచారు. డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా వచ్చారు. రెండో ఇంతిఫాదా రోజుల్లో, 2001 చివరా 2002 మొదట్లో, ఇజ్రాయెల్ సైన్యం రాడార్‌ను కూల్చి రన్‌వేను బుల్‌డోజర్లతో తవ్వేసింది. డబ్బు ఇచ్చిన దేశాలు ఖండన ప్రకటనలు చేశాయి, తర్వాత సంవత్సరం మళ్లీ ఇంకో సాయం ప్రకటించాయి. వెస్ట్ బ్యాంక్‌లో పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉన్న, 'ఏరియా సి' అనే అరవై శాతం భూమి మీద కూడా ఇదే వరస. యూరప్ డబ్బుతో కట్టిన బడిగదులు, నీటితొట్లు, సోలార్ పలకలు పర్మిట్ లేదని కూల్చేస్తారు. ఆ భూమిలో పాలస్తీనా వాళ్లను స్వేచ్ఛగా సేద్యం, వ్యాపారం చేసుకోనిస్తే వాళ్ల ఆర్థిక వ్యవస్థకు ఏడాదికి 340 కోట్ల డాలర్లు అదనంగా వస్తాయని ప్రపంచబ్యాంకు 2013లో అంచనా కట్టింది. దాతలు పంపే సొమ్ము పక్కన ఆ అంకె పెట్టి చూస్తే ఏది దానమో ఏది బాకీయో అర్థమవుతుంది.

సాయం ఇచ్చే చేతికి తాడు కూడా ఉంటుంది. 2006 జనవరి ఎన్నికల్లో హమాస్ గెలిచింది. ఆ ఫలితం పశ్చిమ దేశాలకు నచ్చలేదు, నేరుగా ఇచ్చే డబ్బు ఆపేశాయి. పాలస్తీనా తరఫున తాను వసూలు చేసే పన్నుల సొమ్మును ఇజ్రాయెల్ పట్టి ఉంచింది. లక్షన్నరకు పైగా ఉద్యోగుల జీతాలు నెలల తరబడి నిలిచిపోయాయి. వాళ్లలో టీచర్లు, నర్సులు ఉన్నారు. 2018లో అమెరికా ఉన్‌రాకు డబ్బు ఆపింది, ఆ ముందు ఏడాది ఇచ్చింది దాదాపు 36 కోట్ల డాలర్లు. ఒక పిల్ల అయిదో తరగతి వచ్చే ఏడాది ఉంటుందో లేదో ఎక్కడో వాషింగ్టన్‌లో తేలుతుంది. దీన్ని ఆధారపడటం అంటాను నేను. ఇది తెచ్చిపెట్టింది ఇచ్చేవాళ్లు.

'ఎవరి చేతిలో పడుతుందో' అన్నారు మరిదిగారు. ఆ అనుమానానికి కారణం ఉంది, దాచను. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ దాడిలో ఉన్‌రా ఉద్యోగులు 12 మంది ఉన్నారని 2024 జనవరిలో ఇజ్రాయెల్ ఆరోపించింది. చాలా దేశాలు డబ్బు ఆపేశాయి. ఐక్యరాజ్యసమితి దర్యాప్తు చేసి, తొమ్మిది మందికి ప్రమేయం ఉండి ఉండవచ్చని ఆగస్టులో చెప్పింది, వాళ్లను తొలగించారు. అది చిన్న విషయం కాదు. అయితే అప్పట్లో గాజాలో ఆ సంస్థకు 13 వేల మంది ఉద్యోగులు. ఆ తొమ్మిది మంది చేశారన్న దానికి ఆ 13 వేల మంది చెప్పే పాఠం, వేసే టీకా ఆపడం న్యాయమా? డబ్బు ఆపిన దేశాల్లో అమెరికా తప్ప దాదాపు అన్నీ మళ్లీ డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాయి. మన దేశం 2018 నుంచి ఆ సంస్థకు ఏటా 50 లక్షల డాలర్లు ఇస్తోంది.

సాయం లేకపోతే ఏమవుతుందో ఊహించాల్సిన పనిలేదు, 2025లో చూశాం. అంతకుముందు గాజాలో ఐక్యరాజ్యసమితి, దాని తోటి సంస్థలు దాదాపు 400 చోట్ల సరుకులు పంచేవి. మార్చి మొదట్లో ఇజ్రాయెల్ సరుకు రాకను పూర్తిగా ఆపేసింది. మే చివర్లో ఆ 400 చోట్లకు బదులు అమెరికా, ఇజ్రాయెల్ మద్దతుతో ఒక కొత్త ఏర్పాటు వచ్చింది, నాలుగే కేంద్రాలు. జనం రాత్రంతా నడిచి అక్కడికి చేరేవారు. తిండి కోసం వెళుతూ వెయ్యి మందికి పైగా చనిపోయారని ఆగస్టు నాటికి ఐక్యరాజ్యసమితి లెక్క. ఆ నెల 22న గాజా నగర ప్రాంతంలో కరువు ఉందని అంతర్జాతీయ నిపుణులు ధ్రువీకరించారు. సాయం జనాన్ని చెడగొట్టిందా అని వాదించుకునేవాళ్లు ఆ అయిదారు నెలలు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మామూలు రోజుల్లో పంపిణీ ఎలా ఉండేదో కూడా చెప్తాను, ఎందుకంటే అందులో మనుషులు కనబడతారు. గాజాలో సాయం పొట్లాన్ని 'కొబోనా' అంటారు, కూపన్ అన్న మాటే అలా అయింది. కేంద్రం బయట గాడిదబండ్ల వాళ్లు ఎదురుచూస్తుంటారు. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకుంటాయి, కిరాయి పంచుకుంటాయి. పిండి ఎక్కువున్న వాళ్లు కొంత అక్కడే అమ్మి, ఆ డబ్బుతో పాప మందో, కూరగాయలో కొంటారు. అవినీతి అని రాసినవాళ్లున్నారు దీన్ని. ఇంటి లెక్క తెలిసిన ఏ ఆడమనిషైనా ఇలాగే చేస్తుంది. ఖాళీ అయిన సంచిని పారేయరు. ఉతికి మళ్లీ వాడుకుంటారు. తొలి రోజుల్లో పిల్లలకు ఆ సంచిగుడ్డతో చొక్కాలు, లాగులు కుట్టారు. పంచేవాళ్లు కూడా బయటివాళ్లు కారు. ఉన్‌రా ఉద్యోగుల్లో దాదాపు అందరూ పాలస్తీనా వాళ్లే, ఎక్కువమంది శరణార్థులే. సరైన సంస్థకు పంపితే మీ పదివేలు వెళ్లేది తిని కూర్చున్నవాళ్ల దగ్గరికి కాదు. తన ఇల్లు కూలిపోయినా పొద్దున్నే డ్యూటీకి వచ్చే నర్సు జీతంలోకి, గుడారంలో నలభై మందికి అక్షరాలు దిద్దించే టీచర్ జీతంలోకి వెళుతుంది.

ఇక మీరు చేయాల్సింది. డబ్బు ఎక్కడికి పంపుతున్నారో రాయలేదు. ఫోన్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌లు, ఏడుస్తున్న పాప వీడియో కింద ఉన్న ఖాతా నంబర్లు చూసి మాత్రం పంపకండి. వాటిలో నిజమైనవీ ఉంటాయి, కానీ ఏది నిజమో ఇక్కడ కూర్చుని తేల్చుకోలేం. ఏళ్లుగా అక్కడ పనిచేస్తూ, లెక్కలు బయటపెట్టే సంస్థకే ఇవ్వండి. ఉన్‌రా, యూనిసెఫ్, ప్రపంచ ఆహార కార్యక్రమం, వైద్యులు నడిపే ఎమ్‌ఎస్‌ఎఫ్, వీటిలో మీకు నచ్చినది. 'ఫలానా బొమ్మల పెట్టెకే వాడండి' అని షరతు పెట్టకండి. అవసరం అక్కడివాళ్లకు తెలుసు. విదేశీ సంస్థకు నేరుగా పంపాలంటే మీ బ్యాంకులో ఏ2 ఫారం అడిగి తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో విరాళానికి వీలుంది, పాన్ తప్పనిసరి. దానికి పన్ను మినహాయింపు రాదు, ముందే తెలుసుకుని ఉండండి.

ఇంకో పని కూడా చేయండి, ఇది డబ్బు పని కాదు. మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. 1988లోనే పాలస్తీనాను దేశంగా గుర్తించిన ప్రభుత్వం మనది. సరుకులను అడ్డుకోవద్దు, ఐక్యరాజ్యసమితి సంస్థలను పని చేసుకోనివ్వాలి అని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 అక్టోబరు 22న ఇజ్రాయెల్‌కు సలహాగా తన అభిప్రాయం చెప్పింది. దాని గురించి మన దేశం గట్టిగా మాట్లాడాలని అడగండి. డబ్బు ఒక్కటే పంపి ఊరుకుంటే, నేను పైన చెప్పిన ఆ రెండో చెడులో మనమూ కొంచెం భాగస్వాములం అవుతామని నా భయం. పిండి బస్తాతో పాటు గేటు ఎందుకు మూశారన్న ప్రశ్న కూడా వెళ్లాలి.

మరిదిగారితో గొడవ పెట్టుకోకండి. అన్న పోయిన బాధ కూడా ఆ మాటల్లో ఎక్కడో ఉండవచ్చు, వదిన పెన్షన్ డబ్బు తగ్గిపోతుందన్న బెంగ ఉండవచ్చు. తద్దినం నాడు భోజనాలయ్యాక ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, 1990 ఆగస్టులో కువైట్ నుంచి అన్న ఎలా బయటపడ్డాడో మళ్లీ ఒకసారి మొదటి నుంచీ చెప్పండి. ఆ ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకున్నారో ఆయనకు ఎప్పుడైనా పూర్తిగా తెలిసిందో లేదో. ఆ తర్వాత ఇద్దరూ కలిసే బ్యాంకుకు వెళ్లండి. పాన్ కార్డు జిరాక్సు రెండు కాపీలు పెట్టుకోండి. రసీదులో ఎవరి పేరు రాయించాలని అడిగే వీలుంటే, మీవారి పేరే రాయించండి.